పక్క సీటులో కళ్ళు

జూన్ 3

ఇది నర్సు ఇచ్చిన పుస్తకం. రోజూ పొద్దున్నే రక్తపోటు చూసుకుని అంకె రాయమంది. పదహారు మీద తొమ్మిది, నూట అరవైలో, తొంభైలో చివరి సున్నాలు వదిలేయమంది. రాశాను. మిగతా పేజీ అంతా ఖాళీగా ఉంది. ఖాళీ పేజీ చూస్తే నాకు గుండె దడ. నేను చదివింది మూడో తరగతి. తప్పులు పోతే పోనీ, దిద్దడానికి ఎవరున్నారు.

ఇవాళ పట్నం వెళ్ళాం. మేకలకు మందు, నాకు బిళ్ళలు. దారిలో చూసినవి రాసిపెడతాను. ఈ రోడ్డు మీద ఏదో ఒకనాడు ఎవరో ఒకరు పోతారు. ఈ దియామాంతో ముందే చెప్పింది అని అప్పుడైనా నా గురించి ఒప్పుకుంటారు.

రొట్టెల కొట్టాయన కొడుకు మోటారు సైకిలు మీద పోతూ హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాడు. పడితే మోచెయ్యి దక్కుతుంది. దాన్ని తీసుకొచ్చి తల్లి చేతిలో పెడతారు. మందుల కొట్టావిడ సీటు బెల్టును వీపు వెనక నుంచి తగిలించుకుంది, కారు కుయ్యి కుయ్యిమనకుండా. బెల్టు ఉన్నది కారును జోకొట్టడానికి అనుకుంటోంది. మా చర్చి ఫాదర్ అగాపియోస్ జనం రోడ్డు దాటే తెల్లచారల మీద కారు ఆపి, నాలుగు దీపాలూ మినుకు మినుకుమనేలా పెట్టి కాఫీకి వెళ్ళారు. అలా పెడితే రెండు నిమిషాల్లో వస్తానని అర్థం. మేం మందు కొని, బిళ్ళలు కొని, ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వచ్చేసరికి కూడా ఆ రెండు నిమిషాలు అవలేదు.

మా ఆయన మాత్రం వెనక తొట్టి ఉన్న మా చిన్న ట్రక్కును నెమ్మదిగా తోలారు. నలభై దాటలేదు. పట్నంలో ఉన్న ఒకే ఒక్క సిగ్నల్ దగ్గర, "ఏమే, ఏం రంగు?" అన్నారు.

"ఎరుపు."

ఆపారు. "ఇప్పుడు?"

"ఇంకా ఎరుపే."

"ఇప్పుడు?"

"పచ్చ."

వెళ్ళాం. ఇందులో తప్పేముంది. ఎండ ఎదురుగా కొడుతోంది పాపం.

జూన్ 4

పదిహేడు మీద తొమ్మిది.

జూన్ 8

ఇవాళ మబ్బు. అయినా అడిగారు.

జూన్ 12

రోడ్డు పక్కన దేవుడి గూడు కట్టడం అయింది. మార్చిలో కొండ మలుపు దగ్గర బండి కాలువలోకి దిగినా ప్రాణాలతో బయటపడ్డాం కదా, ఆ మొక్కు. ఆ మలుపులో ఇనప స్తంభాల మీద ఇప్పటికే మూడు గూళ్ళున్నాయి. రెండు అక్కడ పోయినవాళ్ళవి, ఒకటి బతికి బయటపడినవాడిది. మా ఆయనది నాలుగోది. అన్నిటికంటే పెద్దది. పైన ఎర్ర పెంకులు, లోపల బండ్లు తోలేవాళ్ళను కాచే పునీత క్రిస్తోఫోరోస్ పటం, దీపం, నూనె సీసా పెట్టుకోవడానికి అర కూడా.

ఫాదర్ వచ్చి నీళ్ళు చల్లి ప్రార్థన చేశారు. అయ్యాక చేతులు తుడుచుకుంటూ, "త్రాసివులోస్, గూడు బాగుంది. కళ్ళకేం చేస్తున్నావు?" అన్నారు.

"నా కళ్ళకేమయింది ఫాదర్?"

"నాకు నమస్కారం పెట్టబోయి పాలవాడికి పెట్టావు."

"పాలవాడు మంచివాడు" అన్నారు మా ఆయన.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. మూడేళ్ళ కింద పెద్దాసుపత్రిలో చెప్పారు, పావుగంట ఆపరేషన్ అని. చేయించుకుంటే నెల రోజులు బండి తోలకూడదన్నారు. నెల రోజులు బండి తోలకుండా ఎలా ఉంటాను అని చేయించుకోలేదు. చూడకుండానైతే ఉండగలరు.

అబ్బే, బొత్తిగా కనిపించదని కాదు. మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఎవరో తెలీదు. బండి ఉందని తెలుస్తుంది. వస్తోందో పోతోందో తెలీదు. ఆ కాస్త నేను చెప్తాను.

జూన్ 21

గూడు పడిపోయింది. దీపంలో నూనె పోయడానికి నేను దిగాను. ఆయన బండి వెనక్కి తిప్పుతున్నారు. నేను నూనె వైపు చూస్తున్నాను. అంతే.

పెంకులు ఏరుతుంటే లెమోనియా వచ్చింది. మా పక్కింటి విధవరాలు, ఊళ్ళో ఏది జరిగినా కాళ్ళు ఇటే లాగుతాయి దానికి. "అయ్యో, ఎవరు గుద్దార్రా దేవుడా దీన్ని. పది రోజులు కాలేదే."

"జర్మన్లు" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోటికి అదే వచ్చింది.

"వేసవికి వచ్చి పెద్ద ఇల్లంత బండేసుకుని తిరుగుతారే, వాళ్ళా?"

"వాళ్ళే."

సాయంత్రానికి కాఫీ కొట్టంతా జర్మన్ల మీద పడింది. వాళ్ళకి కొండ రోడ్లు తెలీవని ఒకరు, రివర్సు వాళ్ళ రక్తంలోనే లేదని ఒకరు. అందరికంటే గట్టిగా తిట్టింది మా ఆయన. ఇంటికి వచ్చి, "దెబ్బ పునీతుడు తన మీద వేసుకున్నాడు చూడు, బండికి గీత పడలేదు" అన్నారు. పటంలో పునీతుడి ముక్కు దగ్గర చెక్క విరిగింది. పిండితో అతికించాను.

జూన్ 26

లైసెన్సు కాగితం వచ్చింది. డెబ్బై నాలుగు దాటాక మూడేళ్ళకోసారి కళ్ళు చూపించాలి. మా ఆయనకి డెబ్బై ఏడు. నాకు పద్దెనిమిది మీద పది.

కాఫీ కొట్టు ప్రోకోపిస్, "నువ్వేం దిగులు పడకు దియామాంతో, మేమున్నాం" అన్నాడు. పట్నంలో లైసెన్సుకు కళ్ళు చూసే డాక్టరు ముప్పై ఏళ్ళుగా గోడ మీద ఒకే అక్షరాల అట్ట వాడుతున్నాడు. మా ఊరి ముసలాళ్ళందరికీ అది నోటికి వచ్చు. చర్చిలో విశ్వాస ప్రమాణం మధ్యలో తడబడేవాళ్ళు కూడా దీన్ని కింది వరుస చిన్నక్షరం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. ఎవరి వంతు వస్తే వాళ్ళను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ చేరి చెప్పిస్తారు.

మా ఆయనకి నాలుగో వరుస ఎక్కడం లేదు.

జూన్ 30

మేకలకు మేత వేస్తూ, "చెప్పు, నాలుగో వరుస" అన్నాను.

"సిగ్మా, పీ, ఓమెగా."

"పీ కాదయ్యా, ఫీ."

"రెంటికీ తేడా ఏముంది, రెండూ నాకు కనిపించవు" అన్నారు. అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎంతసేపో నవ్వుకున్నాం. చాన్నాళ్ళయింది అలా నవ్వి.

జూలై 3

పరీక్ష అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరు ఫోనులో మాట్లాడుతూ, కుర్చీలో కూర్చోమని చేత్తో చూపించాడు. మా ఆయన కూర్చుని, గోడకు ఎదురుగా మెడ నిటారుగా పెట్టి, ఒక కన్ను మూసుకుని మొదలుపెట్టారు. మొదటి వరుస, రెండో వరుస, మూడోది, నాలుగోది కూడా. ఫీ అనే అన్నారు. కింది దాకా వెళ్ళి ఆగారు.

డాక్టరు ఫోను పక్కన పెట్టాడు. "తాతా, ఇంకా దీపం వేయలేదు."

నిజమే. అట్ట పెట్టెలో బల్బు ఆర్పేసి ఉంది. గోడ మీద నల్లటి పలక తప్ప ఏమీ లేదు. నేనూ చూసుకోలేదు, నా కళ్ళు ఆయన పెదాల మీదే ఉన్నాయి.

మా ఆయన గొంతు సవరించుకుని, "నాకు దీపం అక్కర్లేదు డాక్టరుగారూ" అన్నారు.

డాక్టరు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "మీ ఊరు మారదు తాతా. జ్ఞాపకశక్తి మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడిది" అని సంతకం పెట్టేశాడు. నేను తెచ్చిన జున్ను బల్ల కింద పెట్టాను. డాక్టరు అటు చూడలేదు. ఆ గదిలో చూపు అక్కర్లేనివాళ్ళు ఇద్దరయ్యారు.

బయటికొచ్చాక పెట్రోలు బంకు దగ్గర అందరికీ కాగితం చూపించారు. తలకిందులుగా పట్టుకుని చూపించారు.

మూడేళ్ళకు సంతకం. పద్దెనిమిది మీద పది.

జూలై 10

ఏమీ జరగలేదు.

జూలై 11

నిన్న జరిగింది రాస్తాను. చర్చి ముందు నుంచి వెళ్తున్నాం. చర్చి వస్తే శిలువ గుర్తు వేసుకోవాలి కదా, వేసుకున్నాను, మూడుసార్లు. వేసుకునేటప్పుడు కళ్ళు మూస్తాను, చిన్నప్పటి అలవాటు. కళ్ళు తెరిచేసరికి లెమోనియా బండి ముందు ఉంది. చేతిలో సంచి. నేను అరిచాను. ఆయన బ్రేకు తొక్కారు. సంచిలో టమాటాలు రోడ్డంతా దొర్లాయి. బండికీ దాని మోకాలికీ మధ్య చెయ్యి పట్టేంత సందు.

లెమోనియా కదల్లేదు. కాసేపటికి వంగి టమాటాలు ఏరుకుంది.

దానిదీ తప్పుంది. మిట్టమధ్యాహ్నం నల్ల బట్టలు కట్టుకుని రోడ్డు దాటితే ఎవరికి కనిపిస్తుంది.

జూలై 12

నేనూ నల్ల బట్టలే.

జూలై 20

ఎవాంథియా ఫోను చేసింది. మా అమ్మాయి. ఏథెన్సులో ఆఫీసు వదలడం లేదట, ఆగస్టులో మాత్రం రెండు వారాలు మిర్సినిని తీసుకుని వస్తుందట. మనవరాలికి ఏడేళ్ళు. ఫోను ఆయన లాక్కున్నారు.

"రా బంగారం. రోజూ పొద్దున్నే బండిలో సముద్రానికి తీసుకెళ్తాను. నువ్వూ నేనే. ముందు సీటు నీదే."

సీట్లు ఉన్నవే రెండు.

జూలై 21

వెనక తొట్టిలో కూర్చుంటానన్నాను. వెనక అద్దం మీద తడితే వినిపిస్తుంది కదా, ఒకసారి తడితే ఎరుపు, రెండుసార్లు తడితే పచ్చ. ఆయన ఒప్పుకోలేదు. "మేకలా వెనక కూర్చుంటావా, ఊరు నవ్వదూ" అన్నారు. అన్నాక, కాసేపటికి, "సముద్రం దారి నాకు కంఠతా వచ్చు" అన్నారు.

అట్ట కూడా కంఠతానే వచ్చింది.

జూలై 24

పంతొమ్మిది మీద పది. ఎవాంథియా పెళ్ళికి ముందు ఒకసారి డ్రైవింగు నేర్పమని అడిగాను ఆయన్ని. ఆడదానికి రోడ్డు మీద చూపు నిలవదన్నారు. ఈ మాట ఇప్పుడెందుకు రాశానో.

ఆగస్టు 1

వచ్చారు. పిల్ల పొడుగైంది. వస్తూనే బండెక్కి ముందు సీట్లో కూర్చుని కాళ్ళాడించింది. కాళ్ళు కిందకి అందవు.

వంటింట్లో ఎవాంథియాని పట్టుకున్నాను. "పిల్లని ఆయనతో పంపకు."

"ఏం?"

"రోడ్డు మంచిది కాదు."

"అమ్మా, నీకు ఏ రోడ్డు మంచిది? తిన్న రెండు గంటల దాకా నీళ్ళలో దిగితే చచ్చిపోతారన్నావు. తడి జుట్టుతో గుమ్మంలో నిలబడితే మెడ పట్టేసి పోతారన్నావు. కిందటేడు పుచ్చకాయ గింజ మింగితే అంబులెన్సు పిలిచావు."

"మీ నాన్నకి చూపు..."

"మొన్ననే పరీక్ష అయింది కదా. డాక్టరు సంతకం పెట్టాడు. నువ్వే ఫోనులో చెప్పావు, ఒక్క అక్షరం తప్పు లేదని."

చెప్పాను. గర్వంగా కూడా చెప్పాను.

ఇప్పుడు నిజం చెప్తే అట్ట సంగతి చెప్పాలి. గూడు సంగతి చెప్పాలి. లెమోనియా టమాటాల సంగతి. రెండేళ్ళుగా ఆ బండి ఎవరి కళ్ళతో నడుస్తోందో చెప్పాలి. మా ఆయన ఊళ్ళో తల ఎత్తుకోలేరు.

మా ఆయన తల గురించే రాశాను. నాది కూడా కలపాలి.

ఆగస్టు 2

తలనొప్పి అన్నాను. పిల్ల నా దగ్గరే ఉండిపోయింది. ఒక రోజు గడిచింది.

ఆగస్టు 3

కడుపునొప్పి అన్నాను. "అమ్మమ్మా, నీకు ఇంకా ఎన్ని నొప్పులున్నాయి?" అంది మిర్సిని. రేపు వెళ్ళి తీరాలంది. ఈత బట్టలు వేసుకునే పడుకుంది.

ఆగస్టు 4

ఇవాళ అంకె చూసుకోలేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే ఆయన బంకుకు బయలుదేరారు. పెట్రోలు కొట్టించుకొచ్చి పిల్లని ఎక్కించుకుంటారట. ఎప్పట్లాగే పక్కన కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. ఇంటి దగ్గర నుంచి పెద్ద రోడ్డు దాకా దారి ఆయనకు తెలుసు, రెండు మలుపులు, ఒక నీళ్ళ పంపు. పెద్ద రోడ్డు కలిసేచోట ఆపారు.

"ఏమే, ఏమైనా వస్తోందా?"

నేను నోరు మెదపలేదు.

"ఏమే."

మెదపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. వెనక రొట్టెల బండి వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

ఆయన చెయ్యి పక్కకి వచ్చి నా మోకాలు తడిమింది. "ఉన్నావా?"

"ఉన్నాను."

"మరి చెప్పవేం?"

"ఇంకో అరగంటలో ఈ సీట్లో మిర్సిని కూర్చుంటుంది. నేనుండను. నువ్వే చూసి చెప్పు, ఏం వస్తోంది?"

ఆయన అద్దం మీదకి వంగారు. కళ్ళు చికిలించారు. ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు. వెనక రొట్టెల వాడు, "ముసలాయనా, పచ్చ గడ్డి మొలిచేదాకా నిలబడతావా" అని అరుస్తున్నాడు.

"ఏమీ లేదు" అన్నారు మా ఆయన. "ఖాళీ." అని కాలు కదిపారు.

నేను చేతి బ్రేకు పట్టుకుని రెండు చేతులా లాగాను. అది ఎలా లాగాలో నాకెవరూ నేర్పలేదు, యాభై మూడేళ్ళుగా చూస్తూ కూర్చున్నానంతే. బండి గుక్క పట్టి ఆగిపోయింది. మా ముందు నుంచి పట్నం బస్సు వెళ్ళింది. నీలం బస్సు, రెండంతస్తుల ఇల్లంత ఎత్తు. ఆ గాలికి బండి ఊగింది. అద్దానికి వేలాడే పటాలన్నీ ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

ఆయన తాళం తిప్పి ఇంజను ఆపారు. రొట్టెల వాడు కూడా హారన్ మానేశాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అన్నారు.

"నీకు తెలిసినప్పటినుంచే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

దీనికి జవాబు నేను అక్కడ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను, ఎవరూ చదవరు కనుక. పెళ్ళయిన మొదటి యాభై ఒక్క ఏళ్ళలో ఈ మనిషి నన్ను ఒక్క మాట అడగలేదు. పొలం అమ్మినప్పుడు అడగలేదు, మేకలు కొన్నప్పుడు అడగలేదు, ఎవాంథియాకు పేరు పెట్టినప్పుడు అడగలేదు. ఈ రెండేళ్ళలో రోజుకు నలభైసార్లు అడిగారు. ఏమే, ఏం రంగు? ఏమే, ఎవరు? ఏమే, వెళ్ళొచ్చా? నేను వెళ్ళమంటే వెళ్ళారు, ఆగమంటే ఆగారు. నాకది బాగుంది. బండి లెమోనియా మోకాలి దాకా వచ్చిన తర్వాత కూడా బాగుంది.

రొట్టెల వాడే బండిని పక్కకి తోశాడు. మేం నడిచి వచ్చాం. ఎప్పుడూ నాకు పది అడుగుల ముందు నడిచే మనిషి, ఇవాళ నా మోచెయ్యి పట్టుకుని నడిచారు.

ఎవాంథియాకు అన్నీ చెప్పాను. అట్ట నుంచి బ్రేకు దాకా. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బండి తాళాలు తీసి తన సంచిలో వేసుకుంది. తర్వాత, "మొన్న వంటింట్లో నిన్ను ఎగతాళి చేశాను కదూ" అంది. లోపలికెళ్ళి పిల్ల పక్కన చాలాసేపు కూర్చుంది.

ఆగస్టు 5

పదిహేను మీద ఎనిమిది. పరికరం చెడిపోయిందేమో.

ఆగస్టు 7

అందరూ బస్సులో సముద్రానికి వెళ్ళారు. మా ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా, "నెమ్మది బాబూ, నెమ్మది, పిల్లలున్నారు" అన్నారట. "తాతయ్య నాకు సిగ్గు తెచ్చాడు" అంది మిర్సిని.

ఆగస్టు 9

లెమోనియా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటోంది. "నాకు చెప్పనేలేదే దియామాంతో. ఎన్నాళ్ళనుంచి కనిపించడం లేదు నీకు?"

"నాకేంటి?"

"దాచకే. త్రాసివులోస్ కాఫీ కొట్టులో అంతా చెప్పాడు. నా పెళ్ళానికి చూపు పోయింది, ఇక దాన్ని నమ్ముకుని రోడ్డెక్కలేను, అందుకే బండి మానేశానని. ఎంత బాధపడ్డాడో. ప్రోకోపిస్ అందరికీ ఒక గుక్క సారా పోశాడు నీ ఆరోగ్యం కోసం."

ఇంటి వసారాలో మా ఆయన కుర్చీలో కూర్చుని ఆకాశంకేసి చూస్తున్నారు, ఏదో కనిపిస్తున్నట్టు.

"అవునే లెమోనియా" అన్నాను. "మసక."

ఆగస్టు 12

కళ్ళకు మంచివని నాలుగు ఇళ్ళ నుంచి కారట్లు వచ్చాయి. మేకలు తింటున్నాయి. ఫాదర్ అగాపియోస్ నా కళ్ళకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు, ఆ తర్వాత చెవిలో, "దేవుడికి చిరునామా తప్పు ఇచ్చామా?" అన్నారు. నేను తల వంచుకున్నాను.

సెప్టెంబరులో ఎవాంథియా నన్ను ఏథెన్సు కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. మా ఆయన తోడు వస్తారు. ఆపరేషన్‌కు మంచం మాత్రం ఆయన పేరు మీదే రాయించింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియక్కర్లేదు, ఆయనకు కూడా ఇంకా తెలీదు.

ఆగస్టు 14

ఇప్పుడు నన్ను ఒంటరిగా రోడ్డు దాటనివ్వడం లేదు ఎవరూ. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుంటారు. ఇవాళ లెమోనియా. చర్చి ముందు తెల్లచారల దగ్గర నిలబడ్డాం.

"ఏమీ రావడం లేదు, పద" అంది.

ప్రోకోపిస్ బండి వస్తోంది. ప్రోకోపిస్‌కు ఎనభై. జూన్‌లో మా ఆయనకు నాలుగో వరుస నేర్పింది అతనే. పక్క సీట్లో అతని భార్య. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ రోడ్డు మీద పోయే ముసలి భార్యలందరి పెదాలూ అలాగే కదులుతుంటే, ప్రార్థన చేసుకుంటున్నారనుకునేదాన్ని. బండి చర్చి ముందుకు వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని శిలువ గుర్తు వేసుకోవడం మొదలుపెట్టింది.

నేను లెమోనియా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. బండి తెల్లచారల మీదుగా, మేం అడుగు పెట్టబోయిన చోటు మీదుగా వెళ్ళిపోయింది.

లెమోనియా అటు చూసింది, నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నీకు కనిపిస్తోందే" అంది.

"నాకొక్కదానికే" అన్నాను. "పద, ఇప్పుడు దాటుదాం."